విశాఖలో ఒక ఫెర్టిలిటీ సెంటర్: ఎగ్స్ ఇచ్చిన మనిషి రాస్తున్న రివ్యూ

ఈ సెంటర్ మీద ఉన్న రివ్యూలు చాలావరకు చదివాను. పెళ్ళయిన పన్నెండేళ్ళకి మా ఇంట్లో పాప నవ్వింది, డాక్టరమ్మ మా పాలిట దేవత, స్టాఫ్ సొంత మనుషుల్లా చూశారు, ఎక్కువగా ఇలాంటివే. వాళ్ళ సంతోషం నిజం. పిల్లల్లేరని ఎన్ని మాటలు పడి అక్కడిదాకా వచ్చుంటారో కూడా నాకు తెలుసు. కానీ ఆ పిల్లల్లో కొందరు వేరే ఆడవాళ్ళ అండాలతో పుట్టారు. ఆ ఆడవాళ్ళూ అదే బిల్డింగ్ మెట్లెక్కారు, అదే థియేటర్లో పడుకున్నారు. వాళ్ళు రాసిన రివ్యూ ఒక్కటి కూడా కనబడలేదు. నేను 2019లో అక్కడ ఎగ్స్ ఇచ్చి డబ్బు తీసుకున్నాను. ఈమధ్య మా పిన్ని కూతురికి తోడుగా మళ్ళీ అదే చోటికి వెళ్ళాను. అండాలు ఇవ్వడం మీద చట్టం రాకముందు ఎలా ఉండేదో, వచ్చాక ఎలా ఉందో రెండూ చూశాను కాబట్టి రాస్తున్నాను.

పేరు, ఏరియా రాయడం లేదు. నేను అడిగేవి ఆ ఒక్క సెంటర్‌నే కాదు, సిటీలో ఎక్కడికి వెళ్ళినా అడగాల్సినవే.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. డబ్బు కోసమే వెళ్ళాను. మా ఆయనకి కాంట్రాక్టు పని ఆగిపోయింది, చీటీ పాడి తెచ్చుకున్న డబ్బుకి నెలనెలా కట్టాలి, బాబుకి స్కూలు ఫీజు. గాజువాకలో నేను పనిచేసే బట్టల షాపుకి వచ్చే ఒకామె ఈ దారి చెప్పింది. ఆమె కూడా ఒకప్పుడు ఇచ్చిందే, తర్వాత మనుషుల్ని తీసుకెళ్ళే పనిలోకి దిగింది. "ఏటవ్వదమ్మా, పది రోజులు సూదులు, ఒక పూట నిద్ర, ఇంటికొచ్చేయడమే" అంది. 30 వేలు అని చెప్పింది. చేతికి 22 వేలు వచ్చాయి, మిగతాది ఆమె కమీషన్. ఎగ్స్ తీసుకున్న దంపతుల దగ్గర సెంటర్ ఎంత తీసుకుందో నాకు ఎవరూ చెప్పలేదు, నాకు ఇచ్చిన డబ్బుకీ ఏ రసీదూ లేదు.

సెంటర్లో మొదట ఒక ఫారం నింపారు. ఎత్తు, బరువు, రంగు, బ్లడ్ గ్రూపు, చదువు, కులం. కులం ఎందుకండీ అని అడిగితే "పేరెంట్స్ అడుగుతారమ్మా" అంది కౌన్సెలర్. నేను చదివింది ఇంటర్. ఏజెంటు ముందే డిగ్రీ అని చెప్పేసిందట, ఫారంలో డిగ్రీ అనే ఉంది. నేను ఇంటర్ అని చెప్పినా దిద్దలేదు. లక్షలు అప్పు చేసి వచ్చిన ఆ భార్యాభర్తలకి చూపించిన కాగితంలో నా గురించి అబద్ధం ఉందన్నమాట. ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ, క్యాన్సర్, మతిస్థిమితం ఇబ్బందులు ఉన్నాయా అన్న చోట నన్ను అడక్కుండానే అన్నిటికీ 'లేదు' అని టిక్కులు పెట్టుకుంటూ పోయారు. ఈ చివరి విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

బాగున్నవి కూడా చెప్పాలి. చోటు శుభ్రంగా ఉంటుంది. స్కాన్ చేసే డాక్టరు గది తలుపు వేసి, కర్టెన్ లాగి, చేసే ముందు ఏం చేయబోతున్నారో చెప్పి చేశారు. ఆ స్కాన్ లోపలి నుంచి చేస్తారు, మొదటిసారి అయినవాళ్ళకి బిగుసుకుపోతుంది, ఆమె తొందర పెట్టలేదు. ఇంజెక్షన్లు పొట్ట మీద చర్మం కింద వేస్తారు, పెద్ద నొప్పి ఉండదు. ఆ సిస్టరు చెయ్యి చాలా తేలిక. సరిగ్గా టైముకి రమ్మని పొద్దున్నే ఫోన్ చేసి గుర్తుచేసేది కూడా ఆమే.

జరిగేది ఏమిటో తెలియక చాలామంది 'గుడ్లన్నీ తీసేస్తారు, తర్వాత పిల్లలు పుట్టరు' అనుకుంటారు. అది సరి కాదు. ఆడపిల్ల పుట్టేటప్పుడే అండాశయాల్లో పది, ఇరవై లక్షల దాకా అండాలు ఉంటాయి, పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. ప్రతి నెలా కొన్ని పెరగడం మొదలుపెడితే మామూలుగా ఒక్కటే పూర్తిగా ఎదిగి విడుదలవుతుంది, మిగతావి వాటంతటవే పోతాయి. ఈ ఇంజెక్షన్లు అలా పోయేవాటిని కూడా పెంచుతాయి. అవి తగిన సైజుకి వచ్చాక ట్రిగ్గర్ అని ఒక ఇంజెక్షన్ ఇస్తారు, సుమారు 36 గంటలకి మత్తు ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సన్నటి సూదితో లోపలి నుంచి తీస్తారు. కోత ఉండదు, కుట్లు ఉండవు. థియేటర్లో అరగంట కూడా పట్టదు.

నాకు మెలకువ వచ్చాక సిస్టరు వచ్చి "సూపరమ్మా, ఇరవైకి పైనే వచ్చాయి" అని చెప్పింది, నేనూ ఏదో పరీక్ష పాసైనట్టు సంతోషపడ్డాను. అంతమంది సంతోషించిన ఆ నంబరే నా శరీరానికి ప్రమాదమని ఎవరూ చెప్పలేదు. ఎక్కువ అండాలు పెరిగినవాళ్ళకే ఓహెచ్‌ఎస్‌ఎస్ అనే ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. అండాశయాలు బాగా ఉబ్బుతాయి, రక్తనాళాల్లోంచి నీరు కారి పొట్టలో చేరుతుంది. మూడో రోజుకి నా లంగా బొందు కట్టుకోవడానికి రాలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఒంటేలు సరిగ్గా రాలేదు, పడుకుంటే ఊపిరి ఆడలేదు. సెంటర్‌కి ఫోన్ చేస్తే "ఓఆర్‌ఎస్ తాగండి, కొబ్బరినీళ్ళు తాగండి, తగ్గిపోతుంది" అన్నారు. రాత్రి మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఏజెంటుకి చేస్తే "అందరికీ అవుద్ది" అంది.

మా ఆయన ఆటోలో ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్ళారు. అక్కడ డ్యూటీలో ఉన్న మేడమ్ పొట్ట చూసి మొదటి మాటే "ఏ మందులు వాడారు, ట్రిగ్గర్ ఏది ఇచ్చారు, ఎన్ని తీశారు, డిశ్చార్జి కాగితం ఏది?" అని అడిగారు. నా దగ్గర ఏమీ లేదు. ఒక్క కాగితం లేదు. సంతకాలు పెట్టిన వాటి కాపీ లేదు, ఇంజెక్షన్ డబ్బా మీద పేరు కూడా నేను చూడలేదు. ఆమె మమ్మల్ని తిట్టలేదు, అర్థం చేసుకున్నారు. రక్తపరీక్షలు చేసి, సెలైన్ పెట్టి, రోజూ బరువు చూసి, పొట్ట చుట్టుకొలత రాసుకుని, కొన్నాళ్ళకి పంపించారు. కడుపు రాని డోనర్లకి ఇది వారం, రెండు వారాల్లో తగ్గిపోవడమే ఎక్కువ అని, కానీ ముదిరితే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదకు రావచ్చని ఆమె చెబితేనే తెలిసింది. ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీ అనే హార్మోన్ బదులు ల్యూప్రోలైడ్ లాంటి మందు ఇస్తే డోనర్లకి ఈ ప్రమాదం బాగా తగ్గుతుందని కూడా ఆమే చెప్పారు. వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. "మేడమ్, నాకు ట్రిగ్గర్ ఏది ఇస్తున్నారు?"

ముంబైలో 2010లో అండాలు ఇచ్చిన ఒక 17 ఏళ్ళ అమ్మాయి తర్వాత రెండు రోజులకే చనిపోయింది. ఆ వార్త నేను చాలా ఆలస్యంగా చదివాను. పదిహేడేళ్ళు అంటే ఇంటర్ పిల్ల.

ఇప్పుడు ఆ ఫారం సంగతి. కొన్నేళ్ళ తర్వాత మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్లో వైద్యం చేయించాం. మా పెద్దమ్మకి కూడా నలభై దాటకముందే వచ్చింది కాబట్టి జన్యుపరీక్ష చేయించమన్నారు. అమ్మకి బీఆర్‌సీఏ అనే జన్యువులో క్యాన్సర్ ముప్పు పెంచే మార్పు ఉంది. తర్వాత నేను చేయించుకున్నాను, నాకూ ఉంది. ఇప్పుడు నేను జాగ్రత్తగానే ఉన్నాను, డాక్టర్లు చెప్పిన ప్రకారం పరీక్షలు చేయించుకుంటున్నాను. కానీ ఆ రిపోర్టు చేతిలో పట్టుకున్న రోజు నాకు మొదట గుర్తొచ్చింది మా బాబు, వెంటనే ఆ ఇరవైకి పైగా గుడ్లు. నా నుంచి తీసిన ఒక్కో అండంలో ఆ మార్పు ఉండే అవకాశం సగానికి సగం. వాటితో ఎవరికైనా ఆడపిల్ల పుట్టి ఉంటే, ఆ పిల్లకి ఇప్పుడు ఐదేళ్ళు దాటి ఉంటాయి. ఇలాంటి మార్పు ఉన్నవాళ్ళకి పాతికేళ్ళ నుంచే స్కాన్లు మొదలుపెట్టమంటారు. ఆ పిల్లకి ఎవరు చెప్తారు?

ఆమె నా బిడ్డ కాదు. అలా నేను ఒక్క రోజు కూడా అనుకోలేదు, అనుకుని ఉంటే ఇచ్చేదాన్నే కాదు. ఎవరి కడుపున పుట్టిందో, ఎవరు నిద్ర మానుకుని పెంచుతున్నారో వాళ్ళే ఆమె అమ్మానాన్నలు. నాకు వాళ్ళ పేరు వద్దు, ఊరు వద్దు, ఫోటో వద్దు. ఈ ఒక్క విషయం వాళ్ళకి చేరితే చాలు. రిపోర్టు పట్టుకుని సెంటర్‌కి ఫోన్ చేశాను. "2019 రికార్డులు ఇప్పుడు సిస్టంలో లేవు మేడమ్" అన్నారు. నేరుగా వెళ్ళి రిసెప్షన్లో రిపోర్టు జిరాక్స్ ఇచ్చాను. తీసుకున్నారు. ఎవరి ఫైల్లో పెడతారు అని అడిగితే ఆ అమ్మాయి దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే అక్కడ నా పేరు మీద ఫైలే లేదు. దంపతుల ఫైల్లో నేనొక నంబరుని.

ఈ సెంటర్ మీద నా అసలు ఫిర్యాదు ఇదే. డబ్బు తక్కువ ఇచ్చారని కాదు, ఆ డబ్బుతో చీటీ బాకీ తీరింది. నేను కూడా అక్కడ ఒక పేషెంటునే అని వాళ్ళు అనుకోలేదు. మందులు ఎక్కింది నా ఒంట్లోకి, మత్తు ఇచ్చింది నాకు, అయినా ఫైలు వేరేవాళ్ళది.

తర్వాత చట్టం వచ్చింది. 2021లో, ఐవీఎఫ్ లాంటి సంతాన వైద్యాల మీద చేసిన ఏఆర్‌టీ నియంత్రణ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అండాలు ఇచ్చే ఆమెకి 23 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసు ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడుకి మించి తీయకూడదు. ఒకరి దగ్గర తీసినవి ఒక్క జంటకే ఇవ్వాలి. డోనర్ పేరు మీద 12 నెలల ఇన్సూరెన్స్ ఉండాలి, ఆ ఖర్చు తీసుకునే దంపతులది. డోనర్‌ని చూసి, పరీక్షలు చేయించి తేవాల్సింది రిజిస్టర్ అయిన బ్యాంకు, అంటే అండాలు, వీర్యం సేకరించే సంస్థ. రికార్డులు కనీసం పదేళ్ళు దాచాలి, తర్వాత జాతీయ రిజిస్ట్రీకి పంపాలి. అండాల అమ్మకం నేరం, మొదటిసారికే 5 లక్షల నుంచి 10 లక్షల దాకా జరిమానా. చదివినప్పుడు ఇందులో సగం 2019లో ఉండి ఉంటే నేను ఆ రాత్రి కేజీహెచ్‌లో ఉండేదాన్ని కాదనిపించింది.

ఏడు అన్న లెక్క మీద డాక్టర్లు అభ్యంతరం చెప్తారు, ఎన్ని పెరుగుతాయో ముందే చెప్పలేమని. అది నిజమే, మందు ఒకటే అయినా ఒంటిని బట్టి మారుతుంది. కానీ ఆ హద్దు ఉండడం వల్ల మందు డోసు తగ్గించే ఆలోచన చేస్తారని నా ఆశ. ఇదే సెంటర్ ఇప్పుడు దంపతులకి ఇచ్చే ప్యాకేజీ కాగితం మీద 'పది అండాలు గ్యారంటీ' అని నా కళ్ళతో చూశాను. ఒక మనిషి దగ్గర ఏడే తీయాలి, గ్యారంటీ పది. మిగతా మూడు ఎక్కడివి అని దంపతులు ఎవరైనా అడిగారో లేదో.

ఈమధ్య వెళ్ళినప్పటి సంగతి చెప్తాను. మా చెల్లికి, అంటే ఆ పిన్ని కూతురికి, 24 ఏళ్ళు, ఒక పాప, భర్త వదిలేసి వెళ్ళాడు. అదే ఏజెంటు ఇప్పటికీ తిరుగుతోంది, పద్ధతి మారింది. డబ్బు అనదు, 'ప్రయాణం, తిండి ఖర్చులకి' అంటుంది. మా చెల్లితో "ఇంతకుముందు ఇచ్చావా అంటే ఎప్పుడూ లేదు అను, తర్వాత ఇంకోసారి కావాలంటే వేరే ఆధార్ సంగతి నేను చూసుకుంటా" అన్నది. ఈ మాట విన్నాకే నేను తోడు వెళ్ళాను. 2022లో తమిళనాడులో ఈరోడ్ దగ్గర ఏం జరిగిందో చదివినవాళ్ళకి తెలుసు, 16 ఏళ్ళ పిల్ల చేత దొంగ ఆధార్ చూపించి పదే పదే అండాలు ఇప్పించారు, ఇప్పించింది కన్నతల్లే. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసయితే మన ఊరిదాకా వచ్చింది, సరోగసీ (అద్దె గర్భం) బిడ్డ అని చేతిలో పెట్టిన పసివాడి డీఎన్ఏ ఆ దంపతులతో కలవలేదు. ప్రసవం విశాఖలోనే అని చెప్పారు. అంటే ఈ వ్యవహారంలో కాగితం మోసం చేస్తే దెబ్బతినేది ఇచ్చేవాళ్ళు ఒక్కళ్ళే కాదు.

సెంటర్లో మార్పు ఉంది, ఒప్పుకోవాలి. ఆధార్ స్కాన్ చేశారు, ముఖం ఫోటోతో సరిచూశారు. అంగీకార పత్రం ఈసారి తెలుగులో ఉంది, కౌన్సెలర్ పక్కన కూర్చుని చదివి వినిపించింది. ఓహెచ్‌ఎస్‌ఎస్ గురించి కూడా చెప్పింది. కులం గడి మాత్రం అలాగే ఉంది. నేను నాలుగు అడిగాను. చెల్లి పేరు మీద సొంత డిశ్చార్జి కాగితం, అందులో మందుల పేర్లు, ఎన్ని తీశారో సంఖ్య. రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు. ఇన్సూరెన్స్ పాలసీ కాపీ. తర్వాత ఎప్పుడైనా ఆరోగ్య విషయం తెలిస్తే దాన్ని దంపతులకి చేర్చే పద్ధతి. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. మొదటిది ఇస్తామన్నాడు, రెండోది అక్కడికక్కడే రాసిచ్చాడు, నేను బయటికొచ్చి ఆ నంబరుకి చేస్తే ఎత్తారు కూడా. ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి "అది బ్యాంకు వాళ్ళు చూసుకుంటారు, కాపీ ఇవ్వం" అన్నాడు. తన పేరు మీద ఉండాల్సిన పాలసీ కాగితం తనకే ఇవ్వకపోతే, రేపు ఏదైనా అయితే ఆ పిల్ల ఎవర్ని అడగాలి? నాలుగో దానికి "అలాంటిది ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు.

డబ్బు తీసుకోవడం తప్పా అని మా చెల్లి అడిగింది. నా అభిప్రాయం నాది. డాక్టరుకి ఫీజు ఉంది, ల్యాబుకి ఉంది, మందుల కంపెనీకి ఉంది, ఏజెంటుకి దొంగచాటుగా అయినా ఉంది. ఒళ్ళు ఇచ్చిన మనిషి ఒక్కతే పుణ్యం కోసం ఇవ్వాలంటే నాకు న్యాయంగా అనిపించదు. అలాగని మార్కెట్ రేటు పెడితే ఏమవుతుందో అమెరికాలో ఉంది. 2000లో అక్కడి డాక్టర్ల సంఘం 10 వేల డాలర్లు దాటడం సరికాదని మార్గదర్శకం పెట్టుకుంది, మా ధర మీరెవరు కట్టడానికని డోనర్లే కోర్టుకెళ్ళారు, 2016లో రాజీ పడి ఆ హద్దు తీసేశారు. ఎత్తు, రంగు, చదివిన కాలేజీని బట్టి రేటు పలుకుతుంది. మన దగ్గర ఆ గడిలో కులం ఉంటుంది. బ్రిటన్‌లో అందరికీ ఒకే హద్దు, వెయ్యి పౌండ్ల లోపు, నష్టపరిహారంగా, బహిరంగంగా. 2005 ఏప్రిల్ తర్వాత ఇచ్చినవాళ్ళ వివరాలు పిల్లలు 18 ఏళ్ళు నిండాక తెలుసుకోవచ్చు కూడా. నాకు ఆ పద్ధతి నచ్చింది. డబ్బు చిన్నదైనా రసీదు ఉంటుంది, బేరం ఉండదు, మధ్యలో ఏజెంటు తినడు.

డోనర్ ఎగ్స్ కోసం వెళ్ళే భార్యాభర్తలు ఇది చదువుతుంటే ఒక మాట. అండాలు ఇచ్చినామె ఎవరో మీరు తెలుసుకోనక్కర్లేదు, ఆమెకీ అదే కావాలి. కానీ బిల్లులో డోనర్ ఇన్సూరెన్స్ అని ఒక లైను ఉందో లేదో చూడండి, డబ్బు కట్టేది మీరే కాబట్టి ఆ కాగితం అడిగే హక్కు మీకుంది, సెంటర్ వాళ్ళు మా మాట కన్నా మీ మాట ముందు వింటారు. ఆమె ఆరోగ్య వివరాలు ఎవరు అడిగి రాశారో కూడా అడగండి. అది మీ పాప కోసమే.

మా చెల్లి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. నేను వద్దనలేదు, వెళ్ళమనలేదు. పాలసీ కాపీ చేతికొచ్చేదాకా ఒక్క ఇంజెక్షన్ కూడా వేయించుకోకు అన్నాను, సరే అంది.

స్కాన్ డాక్టరుకి, సిస్టరుకి అయితే ఐదు స్టార్లు ఇస్తాను. సెంటర్ మొత్తానికి రెండు. ఇన్సూరెన్స్ కాపీ డోనర్ చేతికి ఇచ్చారని ఎవరైనా ఇక్కడ రాస్తే మూడు చేస్తాను. నేను రిసెప్షన్లో ఇచ్చిన జిరాక్స్ సరైన ఫైల్లోకి వెళ్ళిందని సెంటర్ వాళ్ళు రాతపూర్వకంగా చెప్పిన రోజున ఇంకోటి కలుపుతాను. నా ఫోన్ నంబరు ఆ జిరాక్స్ వెనకాలే రాసిచ్చాను.